బై హార్ట్: గుండెలోనా, గొంతులోనా?

చాలా ఏళ్ల కిందట మొదటిసారి ఇంగ్లండు వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో నెల్లాళ్లు అద్దెకున్నాను. ఆవిడ వంటగది గోడకు పసుపుపచ్చ డాఫడిల్ పూల బొమ్మ ఒకటి ఉండేది. దాని కింద వర్డ్స్‌వర్త్ పద్యంలోని మొదటి పాదం. అది చూడగానే మా హైస్కూలు గుర్తొచ్చింది. నా ఇంగ్లీషు ప్రతాపం కాస్త చూపిద్దామని, "ఈ పద్యం తొమ్మిదో తరగతిలోనే బైహార్టెడ్ అండీ" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. మర్యాదస్తురాలు, తప్పని అనలేదు. "ఓ, అయితే నీకిది బై హార్ట్ వచ్చన్నమాట. ఏదీ, చెప్పు" అంది.

అందుకున్నాను. రెండు చరణాలు, పన్నెండు పాదాలు, ఎక్స్‌ప్రెస్ బండిలా పోయాయి. అక్కడ ఆగిపోయాను. మరిచిపోయాననుకునేరు. మా పరీక్షలో పన్నెండు పాదాలే రాయమనేవారు. పదమూడో పాదం నేను ఎప్పుడూ నేర్చుకోనే లేదు! ఆవిడ పొయ్యి మీద సూపు కలుపుతూ, నావైపు తిరగకుండానే, మిగిలిన రెండు చరణాలూ చెప్పేసింది. ఎప్పుడు నేర్చుకున్నారని అడిగాను. "నేర్చుకున్నట్టు గుర్తులేదే. మా అమ్మ పని చేసుకుంటూ అనేది" అంది.

ఇవాళ్టి ముచ్చట ఆ రెండు మాటల గురించే. బై, హార్ట్. మన ఇళ్లలో ఇంగ్లీషు రానివాళ్ల నోట కూడా ఆడే మాట ఇది. "పాఠం బైహార్ట్ చేశావా?" అని అక్షరం ముక్క రాని అమ్మ కూడా అడుగుతుంది. అంత సొంతమైపోయింది. అయితే మనం దాన్ని సొంతం చేసుకునేటప్పుడు దారిలో ఏదో జారవిడుచుకున్నామని నా అనుమానం.

ఇంగ్లీషువాళ్లు వాడే తీరు చూడండి. వాళ్లకు క్రియ ఎప్పుడూ విడిగా ఉంటుంది. లెర్న్ బై హార్ట్ అంటారు, నో బై హార్ట్ అంటారు. లెర్న్ అన్నది పని. బై హార్ట్ అన్నది ఆ వచ్చినది మనలో ఎలా ఉందో చెప్పే మాట. బ్రిటన్‌లో అయితే మధ్యలో ఇంకో ముక్క చేర్చి "ఆఫ్ బై హార్ట్" అంటారు. అమెరికావాళ్లకు ఆ ఆఫ్ అక్కర్లేదు. మన తెలుగుకో మంచి అలవాటుంది, ఏ ఇంగ్లీషు ముక్క దొరికినా పక్కన "చేయు" తగిలించి క్రియ చేసేసుకుంటుంది. ట్రై చేశాను, అడ్జస్ట్ చేశాను, మిస్ చేశాను. అదే వరసలో బైహార్ట్ చేశాను. అక్కడితో ఆగితే గొడవ లేదు. ఇలా తయారైన క్రియను తిరిగి ఇంగ్లీషులోకి పట్టుకెళ్లి బైహార్టెడ్, బైహార్టింగ్ అన్నాం. ఇందులో మనమొక్కళ్లమే లేం, దక్షిణాది అంతా ఉంది. లండన్‌లో ఎవరితోనైనా ఈ క్రియ వాడి చూడండి, మా పెద్దావిడ లాగానే ఒక క్షణం ఆగుతారు.

వ్యాకరణం తప్పిందని నాకేమీ బాధ లేదు. భాషలు అరువు తెచ్చుకున్న సరుకును తమకు కావలసినట్టు కత్తిరించుకోవడం లోకసహజం. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఇంగ్లీషులో ఈ మాట లెర్న్ పక్కన ఎంత సహజంగా కూర్చుంటుందో, నో పక్కనా అంత సహజంగా కూర్చుంటుంది. మా ఊరి దారి నాకు బై హార్ట్ తెలుసు అంటారు. అమ్మ చేసే కేకు కొలతలు బై హార్ట్ తెలుసు. మా ఆయన చెప్పే సాకులన్నీ బై హార్ట్ తెలుసు. వీటిలో ఏదీ ఎవరూ కూర్చుని వల్లె వేసింది కాదు. ఏళ్ల తరబడి నడిచి, వండి, విని, ఒంటికి పట్టినవి. ఇలాంటి చోట మనం బైహార్ట్ అనే మాటే వాడం. దారి అయితే కళ్లు మూసుకుని వెళ్తానంటాం. పని అయితే కొట్టిన పిండి అంటాం. మన బైహార్ట్ వెనకాల ఒక గైడు, ఒక పరీక్ష, తెల్లవారుజామున నాలుగింటికి వెలిగే ఒక ట్యూబులైటు తప్పకుండా ఉంటాయి.

అసలు ఈ హార్ట్ ఎక్కడిది? ఇంగ్లీషులో ఇది పాత మాటే. 14వ శతాబ్దం చివరి భాగంలో చాసర్ రాసిన ట్రాయిలస్ అండ్ క్రిసైడ్ కావ్యంలో కసాండ్ర పాత్ర, పూర్వపు భవిష్యవాణులన్నిటినీ బై హార్ట్ చెబుతుంది. ఫ్రెంచివాళ్లకూ సరిగ్గా ఇదే మాట ఉంది, పార్ కర్ అంటారు, అదీ గుండే. ఇంకా వెనక్కి వెళితే లాటిన్‌లో గుండెకు కోర్ అని పేరు, గుర్తు తెచ్చుకోవడానికి రెకోర్దారీ అని పేరు. అంటే తిరిగి గుండెలోకి తెచ్చుకోవడం. ఇంగ్లీషు రికార్డ్ అనే మాట పుట్టింది అక్కడే. తహసీల్దారు ఆఫీసులో దుమ్ము కొట్టుకుపోయే రికార్డు రూముకూ గుండెకూ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉంది.

పూర్వులు తెలివికి గుండెనే ఇల్లుగా చూశారు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్, ఎరుకకు స్థానం గుండె అనీ, మెదడు పని ఒంట్లో వేడిని చల్లార్చడమేననీ అన్నాడు. ఈజిప్టువాళ్లు శవాలను భద్రపరిచేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసి, గుండెను మాత్రం ఎక్కడిదక్కడ ఉంచేవారు. కాదు, మెదడే యజమాని అని గట్టిగా వాదించినవాడు క్రీస్తుశకం 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్. వాదించడమే కాదు, రోమ్ నగరంలో జనం ముందు చేసి చూపించాడు. గీపెడుతున్న పందిని తెచ్చి, మెడలో రెండు సన్నటి నరాలు తెంపాడు. పంది గింజుకుంటూనే ఉంది, అరుపు మాత్రం ఆగిపోయింది. గొంతును పలికించేది మెదడు నుంచి వచ్చే నరమని తేలింది.

ఇక్కడ ఒక్క నిమిషం దారి తప్పుతాను, క్షమించండి. గేలెన్ తెంపిన ఆ నరం మెదడు నుంచి గొంతుకు తిన్నగా రాదు. ఎడమవైపు నరం గొంతును దాటేసి ఛాతీలోకి దిగుతుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కింద చుట్టు తిరిగి, మళ్లీ పైకి ఎక్కి గొంతు చేరుతుంది. అంటే మనం పలికే ప్రతి అక్షరానికీ మెదడు పంపే కబురు గుండె పక్కగా వెళ్లి వస్తుంది. ఇంగ్లీషులో బై అంటే పక్కగా అని కూడా అర్థం ఉంది కదా! మాట పుట్టించినవాళ్లకు ఈ శరీరశాస్త్రం తెలియదు, ఇదంతా కాకతాళీయమే. కానీ గుండె అనే వాళ్లకూ గొంతు అనే మనకూ మధ్య ప్రకృతే ఒక తీగ లాగి పెట్టినట్టు నాకనిపిస్తుంది.

ఎందుకంటే మనది గొంతు. కంఠస్థం, కంఠోపాఠం, కంఠతా పట్టడం. ఇంకా ముందుకు వస్తే నోరు: నోటికి వచ్చు అంటాం. రష్యన్లూ మన బాపతే, వాళ్ల మాటలో ఉన్నది పెదవులు. తమిళులు మనప్పాడం అని మనసులో పెట్టారు. జర్మన్లది మరీ విచిత్రం, కంఠస్థం చేయడాన్ని బయటి వైపుగా నేర్చుకోవడం అంటారు. గ్రీకులు కూడా బయట నుంచి అనే అంటారు. లోపలికి పోయిందని మనమనుకునేది వాళ్లకు బయటికి తేలుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అరబ్బీ మాట. గుండె వీపు మీద నుంచి చెప్పడం అంటారు. ఖురాను మొత్తం అలా వచ్చినవారిని హాఫిజ్ అంటారని హైదరాబాదు వాళ్లకు చెప్పక్కర్లేదు. హాఫిజ్ అంటే కాపాడేవాడు.

గుండె, గొంతు, పెదవి, మనసు, వీపు. ఒకే పనికి ఇన్ని చోట్లు. ఏ మాట ఎంచుకున్నామో దాన్నిబట్టి మనం ఆ పనికిచ్చే విలువ ఎంతో కొంత తెలుస్తుంది.

ఇంగ్లీషువాళ్ల గడుసుతనమేమిటంటే, వాళ్లు ఈ పనికి రెండు పేర్లు పెట్టుకున్నారు. మెచ్చుకోవాలంటే బై హార్ట్. ఈసడించాలంటే బై రోట్. రోట్ అంటే అర్థం పట్టని వల్లె, మన బట్టీ. అమ్మ చెప్పిన కథలు హార్ట్, మాస్టారు చెప్పించిన చరిత్ర తేదీలు రోట్. పద్యం ఒకటే అయినా చెప్పే మనిషిని బట్టి పేరు మారుతుంది. ఈ పోట్లాట పాతది. షేక్‌స్పియర్ కొరియోలేనస్ నాటకంలో కొడుకు జనం ముందు తలవంచి వాళ్లను శాంతింపజేయాల్సిన ఘట్టం ఒకటుంది. తల్లి వొలమ్నియా అతనికి పాఠం చెబుతుంది. నీ గుండె చెప్పమన్నది చెప్పకు, నాలుక మీద వల్లెవేసి పెట్టుకున్న ముక్కలు చెప్పు, మనసుకు వాటితో సంబంధం అక్కర్లేదు అని ఆవిడ సలహా. గుండె ఒక వైపు, నాలుక మీది రోట్ ఒక వైపు. ఎన్నికల ప్రసంగాలు వింటున్నప్పుడు నాకు ఈ తల్లి తరచుగా గుర్తుకొస్తుంది.

1854లో డికెన్స్ హార్డ్ టైమ్స్ నవలలో ఈ తగాదాను బడిలోకి తెచ్చాడు. సిసీ అనే అమ్మాయి తండ్రి సర్కస్‌లో గుర్రాలతో బతికేవాడు. ఆ అమ్మాయి పుట్టి పెరిగింది గుర్రాల మధ్యనే. తరగతిలో గుర్రానికి నిర్వచనం చెప్పమంటే నోట మాట రాలేదు. బిట్జర్ అనే పిల్లవాడు లేచి, నాలుగు కాళ్ల జంతువు, నలభై పళ్లు, అందులో దంతాలెన్ని, దవడ పళ్లెన్ని అంటూ గడగడా అప్పజెప్పేశాడు. ఇప్పుడు నీకు గుర్రమంటే ఏమిటో తెలిసింది కదా అని ఆ పిల్లకే బుద్ధి చెప్పారు. అక్కడ గుర్రం బై హార్ట్ తెలిసింది సిసీకి. బైహార్ట్ చేసింది బిట్జర్. ఒకే మాటలో ఇంగ్లీషు తీరూ మన తీరూ పక్కపక్కన పెట్టాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

గడగడా అప్పజెప్పాడు అన్నాను కదా. తెలుగులో ఈ అప్పజెప్పడం అనే మాట మీద నాకు ఎప్పటి నుంచో కన్నుంది. పాఠం అప్పజెప్పు అంటారు మాస్టారు. అప్పజెప్పడం అంటే ఎవరి సొత్తు వాళ్లకు తిరిగి ఇచ్చేయడం. తాళాలు అప్పజెబుతాం, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇల్లు అప్పజెబుతాం. పాఠం మాస్టారిది, నిన్న మనకిచ్చారు, ఇవాళ ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి ఇచ్చేశాం. లెక్క సరిపోయింది. మరి మన దగ్గర ఏం మిగిలింది? నా పన్నెండు పాదాలూ పరీక్ష పేపరు మీద అలా అప్పజెప్పినవే. అవి ఇంకా గుర్తుండటం వాటి దయాదాక్షిణ్యం.

తెలుగుకు ఇంతే చేతనయిందనుకుంటే పొరపాటు. ఇదే తెలుగులో ధారణ అనే మాట ఉంది. అవధానం చూసినవాళ్లకు తెలుసు. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి సమస్యలిచ్చి, మధ్యలో గంటలు కొట్టి, అప్రస్తుత ప్రసంగాలు చేసి అవధానిని అల్లరి పెడతారు. చివర్లో సభ నిశ్శబ్దమవుతుంది. ఆయన కళ్లు మూసుకుని, విడివిడిగా ఒక్కో పాదంగా కట్టిన పద్యాలన్నీ వరసగా చదివేస్తాడు. దానికి పేరు ధారణ. ధరించడం, అంటే తొడుక్కోవడం, మోయడం. వేదం చెప్పుకున్న ఘనపాఠి చేసేదీ ధారణే. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అంటూ పదాలను ముందుకూ వెనక్కూ అల్లి చదువుతాడు. ఒక్క అక్షరం జారినా ఆ అల్లికలో బయటపడిపోతుంది. ధారణ అన్నా కంఠస్థం అన్నా మన పెద్దలకు చిన్నచూపు లేదు. ఆ చోట్లో బైహార్ట్ వచ్చి కూర్చున్నాక మాత్రం అది మెప్పుగా వినపడటం మానేసింది. "వాడిదంతా బైహార్టేనండీ" అంటే పొగడ్త కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్లు రోట్ అనే చోట మనం హార్ట్ అంటున్నాం.

ఇంగ్లీషువాళ్ల దేశంలో బట్టీ లేదని అనుకోకండి. ఇంగ్లండులో 2022 నుంచి నాలుగో ఏడు చదివే పిల్లలందరికీ, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లకు, కంప్యూటరు మీద ఎక్కాల పరీక్ష తప్పనిసరి. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. వాళ్ల ఎక్కాలు పన్నెండుతో ఆగుతాయి. ఒకప్పుడు వాళ్ల షిల్లింగుకు 12 పెన్నీలు. ఆ లెక్క 1971లోనే పోయింది, పన్నెండో ఎక్కం ఇంకా ఉంది. ఇరవయ్యో ఎక్కం దాకా చదివిన మన పాతతరం వాళ్లు ఇది విని నవ్వుకోవచ్చు. పద్యాలకూ పోటీలున్నాయి. రాజకవిగా పనిచేసిన ఆండ్రూ మోషన్ చొరవతో ఇంగ్లండులో మొదలైన పోటీకి పేరు పోయెట్రీ బై హార్ట్. అమెరికాలో అటువంటిదానికి పేరు పోయెట్రీ అవుట్ లౌడ్, అంటే గొంతెత్తి చదవడం. గుండెకూ గొంతుకూ మళ్లీ వాటా పడింది!

ఇన్ని చెప్పి లండన్ టాక్సీవాళ్లను వదిలేస్తే పాపం. అక్కడి నల్ల టాక్సీ నడపాలంటే 1865 నుంచి ఉన్న పరీక్ష ఒకటి గట్టెక్కాలి. దాని పేరు ద నాలెడ్జ్. అంతే, ఇంకే విశేషణమూ లేదు, ద నాలెడ్జ్! చారింగ్ క్రాస్ నుంచి ఆరు మైళ్ల చుట్టూ ఉన్న దాదాపు 25,000 వీధులు, 320 దారులు తెలియాలి. మూడు నాలుగేళ్లు పడుతుంది. అభ్యర్థులు మోపెడ్ మీద ముందు అట్ట బిగించుకుని, దాని మీద దారుల కాగితం పెట్టుకుని, వానలో చలిలో వీధి వీధీ తిరుగుతారు. మొదటి దారి మేనర్ హౌస్ స్టేషన్ నుంచి గిబ్సన్ స్క్వేర్‌కు, నేర్చుకునే ప్రతివాడికీ ఓనమాలు అదే. సాయంత్రం ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని దారులు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. దీన్ని కాలింగ్ ఓవర్ అంటారు. మన వీధి బడి వల్లెవేతే. తేడా ఒక్కటి, పగలంతా తిరిగి వచ్చాక వల్లె వేస్తారు. కాళ్లు చూసింది నోరు చెబుతుంది.

వీళ్ల మెదళ్లను ఎలియనర్ మగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం స్కాన్ చేసి 2000లో ఫలితాలు ప్రకటించింది. మెదడు లోపల హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. దాని వెనక వైపు ఈ డ్రైవర్లలో మిగతావాళ్ల కంటే పెద్దదిగా కనిపించింది. ఎక్కువ ఏళ్లు నడిపినవాళ్లలో ఇంకా పెద్దది. హిప్పోక్యాంపస్ అంటే గ్రీకులో సముద్రపు గుర్రం, ఆకారం అలా ఉంటుందని ఆ పేరు. అరిస్టాటిల్ గుండెలో వెతికింది మెదడులో గుర్రం రూపంలో దొరికింది. డికెన్స్ వింటే సంతోషించేవాడేమో.

శాస్త్రం ఇంత చెప్పినా ఆ డ్రైవర్లెవరూ నాకు లండన్ బై హిప్పోక్యాంపస్ తెలుసు అనరు. బై హార్ట్ అనే అంటారు.

ఇప్పుడు నా సంగతి. మొన్న సెల్‌ఫోను బాగుకిచ్చి ఇంటికి వస్తూ, దారిలో మా అబ్బాయికి ఫోను చేద్దామని ఒక కొట్టువాణ్ణి ఫోను అడిగి తీసుకున్నాను. చేతిలోకి తీసుకున్నాక అర్థమైంది, అబ్బాయి నంబరు నాకు రాదు. మా ఆవిడదీ రాదు. నాదే రెండు అంకెల దగ్గర తడబడ్డాను. కొట్టువాడు నావైపు జాలిగా చూస్తుంటే, అడక్కుండానే ఒక నంబరు నోటికొచ్చింది. అయిదంకెలు. మా ఊళ్లో మా నాన్నగారి ఇంటి నంబరు. గోడ పక్కన స్టూలు మీద, అమ్మ కుట్టిన గుడ్డ తొడుగు కింద ఉండేది ఆ నల్ల ఫోను. ఆ నంబరు నేను ఎన్నడూ బైహార్ట్ చేయలేదు. ఆ ఫోనూ లేదు, ఆ స్టూలూ లేదు, ఆ నంబరు తీసేసి ఎన్నేళ్లయిందో. "ఎవరికి చేయాలి సార్?" అన్నాడు కొట్టువాడు. ఏం లేదు బాబూ అని ఫోను ఇచ్చేసి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.